శాలువాకి పట్టిన భోగి పొగ

భోగి నాడు తెల్లవారుజామున మంట దగ్గర ఓ అరగంట నిలబడితే చాలు, భుజాన కప్పుకున్న శాలువా కనుమ నాటికి కూడా పొగ వాసన కొడుతూనే ఉంటుంది. మంట చుట్టూ తిరిగినంతసేపూ ఆ వాసన హాయిగానే ఉంటుంది. తలంట్లయి, కొత్తబట్టలు కట్టుకుని, విడిచిన బట్టలు మూల పడేసి, మర్నాడు ఉతుకుదామని ఎత్తినప్పుడు తెలుస్తుంది దాని ఘాటు. "మంట ఆరిపోయింది కదా తాతయ్యా, పొగంతా గాల్లో కలిసిపోయింది కదా, మరి వాసన ఇంకా ఇక్కడెందుకుంది?" అని మా మనవరాలు అడిగింది. చాలా మంచి ప్రశ్న. దీనికి జవాబు తెలిస్తే ఏ బట్టకి ఏ వైద్యం చెయ్యాలో ఇంకొకరు చెప్పక్కర్లేదు, మనకే తడుతుంది.

వాసన వచ్చిందంటే పదార్థం వచ్చినట్టే. మల్లెపూవు వాసనైనా, ఇంగువ వాసనైనా, వాటిలోంచి లేచిన అణువులు కొన్ని మన ముక్కులోకి చేరితేనే తెలుస్తుంది. శాలువా పొగ వాసన కొడుతోందంటే పొగలోని సరుకు కొంత ఇంకా ఆ పోగుల్లోనే కూర్చుని ఉంది, కొద్దికొద్దిగా గాల్లోకి వదులుతోంది. ఆ సరుకు బట్ట వదిలి పోవాలి. నీళ్ళలోకి పోవచ్చు, గాల్లోకి పోవచ్చు, బొగ్గులోకి పోవచ్చు, ఎండకి విరిగిపోవచ్చు. అంతేగాని పైన సెంటు చల్లితే పోదు. సెంటు వాసన సాయంత్రానికి ఆవిరైపోతుంది, పొగ వాసన మర్నాడు పొద్దున్న మళ్ళీ పలకరిస్తుంది.

ఇంతకీ ఆ సరుకేమిటి? కట్టెలో ముఖ్యంగా రెండు రకాల పదార్థాలుంటాయి. ఒకటి సెల్యులోజ్, దాని బంధువులు. రెండోది లిగ్నిన్. ఇది కట్టె బరువులో ఇంచుమించు నాలుగో వంతు, చెట్టుకి గట్టిదనం ఇచ్చేది ఇదే. ఎండు కట్టె గాలి బాగా ఆడుతూ భగభగ మండితే ఇవన్నీ చాలావరకు బొగ్గుపులుసు వాయువుగా, నీటి ఆవిరిగా మారిపోతాయి. అప్పుడు పొగా తక్కువే, వాసనా తక్కువే. పచ్చి కట్టె వేసినా, మంట ఆరిపోతూ రాజుకుంటున్నా సగం సగం కాలుతుంది. అప్పుడు సెల్యులోజ్ విరిగి ఎసిటిక్ ఆమ్లం, ఫార్మాల్డిహైడ్ లాంటివి పుడతాయి. కళ్ళు మండేది చాలావరకు వీటి వల్లే. లిగ్నిన్ విరిగితే ఫినాల్ కుటుంబం దిగుతుంది: గయాకాల్, సిరింగాల్, క్రెసాల్. మనం "కట్టెల పొగ వాసన" అని గుర్తుపట్టేది ఈ కుటుంబాన్నే. లీటరు నీళ్ళలో గయాకాల్ ఒక గ్రాములో లక్షో వంతు పాటి ఉన్నా మన ముక్కు పట్టేస్తుంది. అందుకే బట్టలో నూటికి తొంభై పాళ్ళు పోయినా ఇంకా ఏమీ పోలేదనిపిస్తుంది. ఒక్క ఉతుకుకి పోలేదని నిరాశ పడవద్దు.

ఈ ఫినాల్ కుటుంబం గురించి ఒక మాట చెప్పకుండా ముందుకి వెళ్ళలేను. కట్టెల పొయ్యి ఉన్న రోజుల్లో పొయ్యికి పైన దూలానికి విత్తనాల మొక్కజొన్న కంకులు వేలాడదీసేవారు. పొగ చూరితే పురుగు పట్టదని వాళ్ళకి అనుభవం చెప్పింది. పొగలోని ఈ పదార్థాలు సూక్ష్మజీవులకి గిట్టవు. 1832 ప్రాంతంలో రైకెన్‌బాక్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త బీచ్ కట్టె తారు నుంచి క్రియోసోట్ అనే నూనెలాంటి ద్రవం తీశాడు. అందులో గయాకాల్ ముఖ్యమైన భాగం. 1865లో జోసెఫ్ లిస్టర్ గాయాలు చీము పట్టకుండా కార్బాలిక్ ఆమ్లం వాడాడు. అది ఈ కుటుంబానికి పెద్ద, అసలు ఫినాల్. నేల తుడిచే ఫినాయిల్ వాసనకీ, పాతకాలపు ఆస్పత్రి వాసనకీ, పొగచూరిన వంటింటి వాసనకీ ఎక్కడో పోలిక ఉందని మీకెప్పుడైనా అనిపించి ఉంటే, మీ ముక్కు సరిగ్గానే చెప్పింది.

ఇక ఇది బట్టలోకి ఎలా చేరుతుందో చూద్దాం. పొగలో కొంత వాయువు, కొంత అతి సన్నని నలుసు. ఆ నలుసులు చాలావరకు వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండవు. వాటికి తారు అంటుకుని ఉంటుంది. భోగి రోజుల్లో ఇంకో సంగతి కూడా కలుస్తుంది. తెల్లవారుజామున నేల చల్లబడి, నేలని ఆనుకున్న గాలి పైగాలి కంటే చల్లగా ఉంటుంది. చల్లగాలి బరువు, పైకి లేవదు. దాంతో పొగ మనుషుల ఎత్తులోనే తెరలా పరుచుకుంటుంది. వేడి పొగ చల్లటి శాలువాకి తగలగానే అందులోని తారు ఆవిర్లు పోగుల మీద గట్టిపడతాయి. మంచుకి బట్ట కాస్త చెమ్మగా కూడా ఉందంటే, నీళ్ళలో కరిగే ఆమ్లాలు, ఫినాల్‌లు ఆ చెమ్మలోకి దిగిపోతాయి.

అన్ని బట్టలూ ఒక్కలా పట్టవు, ఒక్కలా వదలవు. నూలు బట్టకి నీళ్ళంటే ఇష్టం. నీళ్ళు పోగు లోపలికంటా వెళ్ళి సరుకుని బయటికి తెస్తాయి కాబట్టి అది తొందరగా బాగుపడుతుంది. పాలిస్టర్‌కి నూనెలంటే ఇష్టం, నీళ్ళంటే పడదు. తారులో జిడ్డుండేది దాన్ని పట్టుకుని వదలదు. అందుకే పాలిస్టర్ కర్టెన్లు రెండు మూడుసార్లు ఉతికితేగాని దారికి రావు. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చినా పైకి తడిగా అనిపించదు. అంత పీల్చే గుణం ఉన్నది పొగని మాత్రం ఊరికే వదులుతుందా? పట్టు, ఉన్ని రెండూ ప్రొటీన్లు. ఈ ముక్క గుర్తుంచుకోండి, కాసేపట్లో దీనితో పని పడుతుంది.

బట్ట చేతికి తీసుకోగానే మొదట చెయ్యాల్సింది ఉతకడం కాదు, దులపడం. ఆరుబయట, గాలివాటు చూసుకుని గట్టిగా దులపండి. మసి కనిపిస్తే తడిగుడ్డతో తుడవవద్దు. పొడి మసి దులిపితే రాలిపోతుంది, తడి తగిలిందంటే పోగుల్లోకి ఇంకి మరకవుతుంది. తరవాత ఒక పూట దండెం మీద ఆరెయ్యండి. తేలిగ్గా ఎగిరిపోయేవి చాలావరకు గాలికే పోతాయి. వాసన కొట్టే బట్టని ఇస్త్రీ చెయ్యవద్దు, ఆ వేడికి మిగిలిన జిడ్డు పోగులకి అతుక్కుంటుంది. బీరువాలో అసలే పెట్టవద్దు. ఒక్క చొక్కా పెట్టి తలుపు వేస్తే నాలుగు రోజుల్లో అరంతా అదే వాసన.

నూలు బట్టలకి మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్న మందు బట్టల సోడా. చాకలి సోడా అని కూడా అంటారు. రసాయనం పేరు సోడియం కార్బొనేట్. ఇదెందుకు పనిచేస్తుందో తెలిస్తే ముచ్చటేస్తుంది. గయాకాల్ లాంటి ఫినాల్‌లు బలహీనమైన ఆమ్లాలు. మామూలు నీళ్ళలో అరకొరగానే కరుగుతాయి. క్షారం బాగా ఉన్న నీళ్ళలో వేస్తే ఉప్పు రూపంలోకి మారి సులువుగా కరిగిపోతాయి. ఎసిటిక్ ఆమ్లం సంగతి చెప్పనే అక్కర్లేదు, క్షారం తగలగానే ఉప్పయిపోతుంది. ఉప్పయిన పదార్థం ఆవిరి కాదు, ఆవిరి కానిది ముక్కుదాకా రాదు.

"వంటసోడా వేస్తే చాలదా?" అని చాలామంది అడుగుతారు. చాలదు. వంటసోడా, అంటే సోడియం బైకార్బొనేట్, చాలా మెత్తని క్షారం. ఎసిటిక్ ఆమ్లాన్ని లొంగదీస్తుంది గాని, ఫినాల్‌ల మీద దాని బలం సరిపోదు. పుల్లటి ఘాటు పోయి పొగ కంపు మిగిలిపోయిందంటే కారణం ఇదే. బకెట్ వేడినీళ్ళలో గుప్పెడు బట్టల సోడా కరిగించి, నూలు బట్టల్ని ఓ అరగంట నుంచి గంట నానబెట్టి, జాడించి, ఆ తరవాత మామూలుగా సబ్బుతో ఉతకండి. ప్లాస్టిక్ బకెట్టో స్టీలు బకెట్టో వాడండి. సత్తు గిన్నెని సోడా తినేస్తుంది. చేతులకీ మంచిది కాదు, కర్రతో కలపండి. రంగు వదిలే బట్టని ముందు ఒక మూల తడిపి చూసుకోండి. వాషింగ్ మెషీన్ అయితే టబ్బు సగానికి మించి నింపవద్దు. బట్టల మధ్య నీళ్ళు ఆడకపోతే సరుకు ఒక బట్ట వదిలి పక్క బట్టకి పట్టుకుంటుంది.

ఈ విద్య పుస్తకాల్లోకి రాకముందే మన చాకలివారి చేతుల్లో ఉంది. చౌడు నేల నుంచి తెచ్చిన మట్టిని నీళ్ళలో కలిపి తేర్చి, ఆ నీళ్ళలో మురికిబట్టలు ముంచి, పెద్ద బాన మీద పేర్చి కింద మంట పెట్టేవారు. దాన్ని ఉబ్బకి వెయ్యడం అనేవారు. చౌడులో ఉండేది ఇదే సోడియం కార్బొనేట్. పైగా ఆవిరి బట్టల పొరల్లోంచి పైకి లేస్తూ, మామూలు ఎండకి లేవని బరువైన వాసన పదార్థాల్ని కూడా వెంట తీసుకుపోతుంది. యూకలిప్టస్ ఆకుల నుంచి నూనె తీసేటప్పుడు జరిగేదీ ఇదే పని. ఒక కులం మీద మోపి, చవగ్గా చూసిన ఆ పనిలో ఎంత రసాయనశాస్త్రం ఉందో తలుచుకుంటే వాళ్ళకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఇప్పుడు పట్టుచీర. పెళ్ళిలో హోమం దగ్గర కూర్చున్న అమ్మాయి చీర సంగతి తల్లులందరికీ తెలుసు. నెయ్యి పొగ, సమిధల పొగ కలిసి పట్టేస్తుంది. పట్టు ప్రొటీన్ అని చెప్పాను కదా, ప్రొటీన్లని క్షారం తినేస్తుంది. బట్టల సోడా నీళ్ళలో పట్టుని నానబెడితే మెరుపు పోతుంది, పోగు పెళుసవుతుంది. ఎండలోనూ వెయ్యవద్దు. ఎండలోని అతినీలలోహిత కిరణాలకి పట్టు పసుపుపచ్చగా మారుతుంది. గాలి వచ్చే నీడలో, మడతలు విప్పి, రెండు మూడు రోజులు వేలాడదియ్యండి. రోజుకోసారి మడత మార్చండి. చాలా చీరలకి ఇంతకంటే అక్కర్లేదు.

ఉతికి తీరాలంటే కుంకుడుకాయ రసం. అందులోని సాపొనిన్లు జిడ్డుని విడదీస్తాయి. రసం కాస్త ఆమ్లం వైపే ఉంటుంది కాబట్టి పట్టు జోలికి పోదు. చల్లటి నీళ్ళలో, పిండకుండా, తేలిగ్గా అద్దుతూ ఉతకాలి. జరీ బరువుగా ఉన్న చీరని మాత్రం డ్రైక్లీనింగ్‌కి ఇవ్వండి. అక్కడ వాడే ద్రావకం తారునీ నెయ్యి జిడ్డునీ నీళ్ళ కంటే బాగా కరిగిస్తుంది. ఇంకొక్క జాగ్రత్త: జరీ చీర కట్టుకుని దీపావళి టపాకాయల దగ్గరికి వెళ్ళవద్దు. ఆ పొగలోని గంధకం అసలు జరీలోని వెండితో కలిసి నల్లటి పూతవుతుంది. వాసన నాలుగు రోజులకి పోతుంది గాని, ఆ నలుపు ఉతికినా పోదు.

సిగరెట్, చుట్ట, బీడీ పొగ లెక్క వేరు. అందులోనూ ఫినాల్‌లు, తారు ఉంటాయి గాని, అదనంగా నికొటిన్ ఉంటుంది. అది ఆమ్లం కాదు, క్షారం. కాబట్టి వైద్యమూ తిరగబడుతుంది. ఆమ్లం తగిలితే నికొటిన్ ఉప్పుగా మారి, ఆవిరి కావడం మానేసి నీళ్ళలో పోతుంది. సబ్బుతో ఉతికిన తరవాత, చివరి జాడింపు నీళ్ళలో ఓ టీ గ్లాసుడు వెనిగర్ పొయ్యండి, లేదా చెంచాడు నిమ్మ ఉప్పు కలపండి. పది నిమిషాలు ఉంచి, మంచినీళ్ళతో జాడించండి. రెండూ కలిపి వేస్తే రెట్టింపు బలం వస్తుందేమోనని సోడా, వెనిగర్ ఒకే బకెట్లో పోస్తారు కొందరు. బుసబుస పొంగుతుంది, చూడటానికి బ్రహ్మాండంగా ఉంటుంది. జరిగేదల్లా ఆమ్లమూ క్షారమూ ఒకదాన్నొకటి చంపుకోవడమే. సోడా ముందు, వెనిగర్ ఆఖరున, మధ్యలో మంచినీళ్ళు. వెనిగర్‌ని బ్లీచింగ్ పౌడర్‌తో గాని, బ్లీచ్ ద్రవంతో గాని ఎన్నడూ కలపవద్దు. క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపులు మూసిన బాత్రూమ్‌లో అది ప్రాణం మీదికి తెస్తుంది.

1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీదికి వదిలింది ఆ క్లోరిన్‌నే. ఆ ఏడాదే రష్యాలో నికొలాయ్ జెలిన్‌స్కీ అనే రసాయన శాస్త్రవేత్త విషవాయువుల్ని అడ్డుకోవడానికి బొగ్గు నింపిన ముసుగు తయారుచేశాడు. ఆ బొగ్గే మన బీరువాకీ పనికొస్తుంది. బొగ్గు లోపలంతా కంటికి కనపడని సందులే. కొబ్బరిచిప్పల నుంచి ప్రత్యేకంగా తయారుచేసే ఉత్తేజిత బొగ్గు ఒక్క గ్రాము తీసుకుంటే, ఆ సందుల గోడలన్నీ పరిస్తే వెయ్యి చదరపు మీటర్లు, అంటే దగ్గర దగ్గర పాతిక సెంట్ల నేలంత. వాసన అణువులు ఆ గోడలకి అంటుకుని ఉండిపోతాయి. మామూలు పొయ్యి బొగ్గుకి అంత బలం లేదు గాని, ఎంతో కొంత పనిచేస్తుంది. పాత గుడ్డసంచిలో కట్టి, ఉతకడానికి వీల్లేని దిండ్లు, తోలు బ్యాగులు, పుస్తకాలతో పాటు మూతపెట్టె ఒకదానిలో వారం రోజులు ఉంచండి. పరుపు మీద రాత్రి వంటసోడా చల్లి పొద్దున్న వాక్యూమ్‌తో లాగెయ్యడం కూడా మంచిదే. పుల్లటి ఘాటు తగ్గుతుంది.

బూరుగు దూది పరుపులకీ, బొంతలకీ ఎండని మించింది లేదు. వేడికి అణువులు లేస్తాయి, గాలి వాటిని తీసుకుపోతుంది, అతినీలలోహిత కిరణాలు కొన్నిటిని విరిచేస్తాయి కూడా. ఎండలో ఆరిన బట్టకి వచ్చే ఆ శుభ్రమైన వాసన ఎక్కడిదని 2020లో కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయం వాళ్ళు తువ్వాళ్ళు ఆరేసి పరీక్షించారు. ఎండకి తడిబట్ట మీద కొత్తగా ఆల్డిహైడ్లు, కీటోన్లు పుడుతున్నాయని తేల్చారు. వాటిలో కొన్ని పూలలోనూ, అత్తరులోనూ దొరికేవే. అంటే ఎండ చెడ్డ వాసన తీస్తుంది, మంచి వాసన పెడుతుంది కూడా.

వాసన నిజంగా పోయిందో లేదో ఎలా తెలుస్తుంది? మన ముక్కుని నమ్మలేం. ఒకే వాసన కాసేపు పీలిస్తే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. బట్ట అంచు మీద గోరువెచ్చని నీళ్ళు చిలకరించి, బయటి నుంచి అప్పుడే వచ్చిన వాళ్ళకి ఇచ్చి చూడమనండి. నీళ్ళు పోగుల్లోకి చొరబడుతూ అక్కడ కూర్చున్న వాసన అణువుల్ని నెట్టేస్తాయి. ఎండాకాలమంతా మామూలుగా ఉన్న కర్టెన్ తొలకరి వానకి మళ్ళీ పొగ వాసన కొట్టేది ఇందుకే.

ఓజోన్ యంత్రాలు కూడా అమ్ముతున్నారు. ఓజోన్ వాసన పదార్థాల్ని విరగ్గొట్టే మాట నిజమే, కానీ అంతకంటే ముందు మన ఊపిరితిత్తుల్ని కాలుస్తుంది. మనుషులుండే ఇంట్లో దాని జోలికి పోవద్దు. మంటలో టైర్లో ప్లాస్టిక్కో వేస్తే ఆ పొగలో గంధకం సమ్మేళనాలు, కేన్సర్ తెచ్చే హైడ్రోకార్బన్లు, పి.వి.సి. ఉంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటాయి. దానికి నా దగ్గర మందు లేదు. అలాంటి మంట దగ్గరికి పిల్లల్ని పంపకపోవడమే మందు.

చివరగా సిగరెట్ కాల్చే నాయనలకి ఒక మాట. 2010లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల వాళ్ళు, గోడలకీ బట్టలకీ అంటుకున్న నికొటిన్ ఇంటి గాలిలో ఉండే నైట్రస్ ఆమ్లంతో కలిసి, కేన్సర్ కలిగించే నైట్రోసమీన్లుగా మారుతోందని కనిపెట్టారు. పొగ పోయిన తరవాత మొదలయ్యే ప్రమాదం ఇది. చంటిబిడ్డ మీ చొక్కా పట్టుకుని నోట్లో పెట్టుకుంటుంది, మీ దుప్పటి మీదే పాకుతుంది. మానలేకపోతే ఇంట్లో మాత్రం కాల్చకండి. బయట కాల్చి వచ్చినా సరే, చొక్కా మార్చుకుని, చేతులూ మొహమూ సబ్బుతో కడుక్కుని, ఆ తరవాతే బిడ్డని ఎత్తుకోండి.